ఈ-వాణిజ్య నియమాలు: పరిశ్రమ సంఘాల కలం, ప్రభుత్వాల సంతకం

1998 మే నెలలో జెనీవాలో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) రెండో మంత్రుల సమావేశం, ఎలక్ట్రానిక్ ప్రసారాలపై కస్టమ్స్ సుంకాలు వేయకుండా ఉండే అప్పటి పద్ధతినే సభ్యదేశాలు కొనసాగించాలని ఒక చిన్న ప్రకటన చేసింది. డిస్కుల రూపంలో ఓడ దిగితే సుంకానికి లోబడే అవకాశమున్న సాఫ్ట్‌వేర్, పాటలు, సినిమాలు, వీడియో గేములు ఇంటర్నెట్ ద్వారా దేశంలోకి వస్తే సుంకం కట్టనక్కర లేదన్నది దాని సారం. మారటోరియం అని వాణిజ్య వర్గాలు పిలిచే ఈ ఏర్పాటు తదుపరి మంత్రుల సమావేశం దాకా మాత్రమే ఉండాల్సింది. 1999లో సియాటిల్ సమావేశం భగ్నమైనప్పుడు అది అనిశ్చితిలో పడింది, 2001లో దోహాలో మళ్లీ ఊపిరి పోసుకుంది, అక్కడి నుంచి సమావేశం తర్వాత సమావేశంలో పొడిగింపు పొందుతూ 2024 మార్చిలో అబుదాబిలో ముగిసిన 13వ సమావేశం దాకా వచ్చింది. 14వ సమావేశం లేదా 2026 మార్చి 31, వీటిలో ఏది ముందైతే అంతవరకు అని అబుదాబి నిర్ణయం గడువు పెట్టింది. తాత్కాలికంగా మొదలైన ఒక మాట పాతికేళ్లకు పైగా నిలబడిందంటే దానికి ప్రభుత్వాల పట్టుదల ఒక్కటే కారణం కాజాలదు. ఈ కాలంలో ప్రభుత్వాలు మారాయి, అమెరికా వాణిజ్య విధానమే తలకిందులైంది. మారకుండా ఉన్నవి టెక్నాలజీ పరిశ్రమ సంఘాలు, సరిహద్దులు దాటి వాటి మధ్య అల్లుకున్న సహకారం. ఆ సహకారం ఎలా పుట్టిందో, ఎవరి తరఫున మాట్లాడుతోందో, భారతదేశం దానితో ఎలా వ్యవహరించాలో తేల్చుకోకుండా ఈ-వాణిజ్య విధానం గురించి చేసే చర్చ సగమే అవుతుంది.

పరిశ్రమ సంఘం అంటే ఒకే రంగంలోని కంపెనీలు చందాలు కట్టి నడుపుకునే ఉమ్మడి వేదిక. ప్రభుత్వంతో మాట్లాడటం, ముసాయిదా చట్టాలపై అభిప్రాయాలు ఇవ్వడం, ప్రమాణాలు కుదుర్చుకోవడం దాని పని. భారత సాఫ్ట్‌వేర్ రంగానికి 1988లో ఏర్పడిన నాస్కామ్, కంప్యూటర్ పరికరాల తయారీదారులకు 1982లో ఏర్పడిన మెయిట్ అలాంటివి. ఒక్కో దేశంలోని ఇటువంటి సంఘాలు కలిసి ప్రపంచ స్థాయిలో మరో సంఘంగా ఏర్పడతాయి. 1978లో మొదలైన ప్రపంచ సమాచార సాంకేతిక, సేవల కూటమి (విట్సా) ఆ కోవలోనిది. నాస్కామ్‌కూ అందులో స్థానముంది. పారిస్ కేంద్రంగా 1919 నుంచి పనిచేస్తున్న అంతర్జాతీయ వాణిజ్య మండలి (ఐసీసీ) అన్ని రంగాల వ్యాపారాలకూ చెందినది కాగా, సంపన్న దేశాల ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ)కు వ్యాపార వర్గాల తరఫున సలహాలిచ్చే బయాక్ అన్న సంఘం 1962 నుంచి ఉంది. ఇవేవీ చట్టాలు చేయలేవు. అయితే చట్టాలు చేసేవారి ముందుకు ఏ కాగితం ఏ మాటలతో రావాలో నిర్ణయించగలవు. అంతర్జాతీయ చర్చల్లో మొదటి ముసాయిదా ఎవరిదైతే చివరి పాఠంలో సగం వారిదేనన్నది ఆ చర్చల్లో కూర్చున్న ప్రతి అధికారికీ తెలిసిన విషయం.

ఈ రంగంలో మొదటి ముసాయిదాలు 1997, 1998 సంవత్సరాల్లో సిద్ధమయ్యాయి. 1997 జులై 1న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రభుత్వం ప్రపంచ ఎలక్ట్రానిక్ వాణిజ్యానికి ఒక విధాన చట్రాన్ని ప్రకటించింది. అధ్యక్షుడి సలహాదారు ఐరా మాగజినర్ ఆధ్వర్యంలో తయారైన ఆ పత్రంలోని మొదటి సూత్రం నాయకత్వం ప్రైవేటు రంగానిదే కావాలన్నది. ప్రభుత్వాలు అనవసరమైన ఆంక్షలు పెట్టకూడదని, జోక్యం తప్పనిసరైతే అది స్వల్పంగా, సరళంగా, ముందుగా ఊహించగలిగేలా ఉండాలని మిగిలిన సూత్రాలు చెప్పాయి. ఇంటర్నెట్‌ను సుంకాలు లేని మండలంగా ఉంచాలన్న ప్రతిపాదన కూడా అందులోదే. అదే నెలలో జర్మనీలోని బాన్ నగరంలో ఐరోపా మంత్రులు సమావేశమై దాదాపు ఇదే ధోరణిలో ప్రకటన చేశారు. నవంబరులో ఫిన్లాండ్‌లోని టుర్కులో ఓఈసీడీ సదస్సు జరిగింది. డిసెంబరులో అమెరికా, ఐరోపా సమాఖ్య ఈ విషయంపై ఉమ్మడి ప్రకటన విడుదల చేశాయి. ప్రభుత్వాలే పగ్గాలు పరిశ్రమకు అప్పగించిన ఆ వాతావరణంలో సంఘాలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చాయి.

1998 అక్టోబరులో కెనడా రాజధాని ఒట్టావాలో జరిగిన ఓఈసీడీ మంత్రుల సదస్సు నాటికి ఐసీసీ, బయాక్, విట్సా, టెలికాం వినియోగదారుల అంతర్జాతీయ సంఘం ఇంటగ్, సమాచార మౌలిక వ్యవస్థల ప్రపంచ కమిషన్ జీఐఐసీ కలిసి ఒక ప్రపంచ కార్యాచరణ ప్రణాళికను మంత్రుల ముందుంచగలిగాయి. ప్రపంచ వ్యాపార కూటమి అన్న పేరుతో ఈ ఐదూ ఆ తర్వాత కలిసి పనిచేశాయి. సుంకాలు, పన్నులు, వ్యక్తిగత సమాచార రక్షణ, రహస్య సంకేతీకరణ, ఎలక్ట్రానిక్ సంతకాలు, మేధో హక్కులు, వినియోగదారుల రక్షణ వంటి ప్రతి అంశంలోనూ పరిశ్రమ ఏం చేస్తుందో, ప్రభుత్వం ఏం చేయాలో, ఏం చేయకూడదో అంశాలవారీగా చెప్పిన పత్రమది. 1999లో మరోవైపు పెద్ద కంపెనీల అధిపతులే నేరుగా కలిసి ప్రపంచ వ్యాపార సంవాదం (జీబీడీఈ) అన్న వేదికను నెలకొల్పారు. పోటీ కంపెనీలను, పోటీ ఖండాలను ఒకే పాఠానికి ఒప్పించిన ఆ శ్రమను తక్కువ చేసి చూడనక్కర లేదు. ఆనాడు ఏ ఒక్క ప్రభుత్వం దగ్గరా ఆ స్థాయి సాంకేతిక పరిజ్ఞానం ఒక్కచోట లేదు. కానీ ఒట్టావాలో మంత్రుల స్థాయిలో కూర్చున్న ఓఈసీడీ సభ్యదేశాలు 29. భారతదేశం అప్పుడూ ఆ సంస్థలో సభ్యురాలు కాదు, ఇప్పుడూ కాదు. అక్కడ కుదిరిన పదజాలమే తర్వాతి దశాబ్దాల్లో తటస్థమైన, సాంకేతికమైన, విశ్వజనీనమైన పదజాలంగా డబ్ల్యూటీవోలోనూ ప్రాంతీయ ఒప్పందాల్లోనూ చలామణీ అయింది.

ఈ సహకారం నిజమైన మేలు చేసిన చోటు కూడా ఉంది, అది లావాదేవీకి చట్టబద్ధత కల్పించడం. కాగితం మీద సిరా సంతకం లేని ఒప్పందం న్యాయస్థానంలో నిలుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు లేకుండా ఇంటర్నెట్ మీద వ్యాపారం సాగదు. కంప్యూటర్ల మధ్య వాణిజ్య సమాచార మార్పిడికి ఐసీసీ 1987లోనే ప్రవర్తనా నియమాలు రూపొందించింది. ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ వాణిజ్య చట్ట సంఘం (అన్‌సిట్రాల్) 1996లో ఎలక్ట్రానిక్ వాణిజ్యంపై నమూనా చట్టాన్ని ఆమోదించింది. ఒక సమాచారం ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నంత మాత్రాన దాని చట్టబద్ధతను తోసిపుచ్చకూడదన్నది ఆ నమూనాకు పునాది. భారత సమాచార సాంకేతిక చట్టం, 2000 తన పీఠికలోనే ఆ నమూనా చట్టాన్ని ఆధారంగా పేర్కొన్నది. అయితే ఆ చట్టం మొదట్లో జంట తాళపుచెవుల పద్ధతిలో పనిచేసే డిజిటల్ సంతకాన్ని ఒక్కదాన్నే గుర్తించింది. ఒకే సాంకేతికతకు చట్టం కట్టుబడకూడదన్న అంతర్జాతీయ ధోరణికి అనుగుణంగా 2008లో సవరణ చేసి ఎలక్ట్రానిక్ సంతకం అన్న విశాల భావనను చేర్చాల్సి వచ్చింది. ఇక్కడ పరిశ్రమ కోరినదానికీ, చిన్న వ్యాపారికీ కొనుగోలుదారుకూ పనికొచ్చేదానికీ మధ్య వైరుధ్యం లేదు. ప్రమాణాలు కలిస్తే అందరికీ లాభమే.

వ్యక్తిగత సమాచార రక్షణ విషయానికి వచ్చేసరికి ఆ ఏకాభిప్రాయం బీటలు వారింది. ఐరోపా సమాఖ్య 1995లోనే చట్టపరమైన రక్షణను నిర్దేశించగా, అమెరికా సంఘాలు స్వీయ నియంత్రణ చాలునన్నాయి. రెంటి మధ్య రాజీగా 2000లో సేఫ్ హార్బర్ అన్న ఏర్పాటు వచ్చింది: ఐరోపా ప్రమాణాలు పాటిస్తున్నామని అమెరికా కంపెనీలు తమకు తాము ధ్రువీకరించుకుంటే సమాచారాన్ని అట్లాంటిక్ దాటించవచ్చు. 2015 అక్టోబరులో ఐరోపా న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది. దాని స్థానంలో వచ్చిన ప్రైవసీ షీల్డ్ 2020 జులైలో కూలిపోయింది. పౌరుల హక్కులు ఇమిడి ఉన్న విషయాన్ని కంపెనీల ధ్రువీకరణకు వదిలేస్తే ఎప్పటికైనా న్యాయస్థానం తలుపు తట్టక తప్పదని ఈ రెండు తీర్పులు రుజువు చేశాయి. భారతదేశం వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టాన్ని 2023లో గానీ చేయలేకపోయింది. అప్పటిదాకా ఈ దేశపు కోట్లమంది వినియోగదారులకు కంపెనీల గోప్యతా విధానాలు, ఐటీ చట్టం కింద వచ్చిన పలుచని నిబంధనలే దిక్కయ్యాయి.

మళ్లీ మారటోరియం దగ్గరకు వస్తే, దానిలోని అసలు చిక్కు ఎలక్ట్రానిక్ ప్రసారం అంటే ఏమిటో 1998 ప్రకటన నిర్వచించకపోవడంలో ఉంది. సుంకం లేనిది సంకేతాల ప్రసారానికి మాత్రమేనా, లేక ఆ సంకేతాలు మోసుకొచ్చే పాటకూ సినిమాకూ కూడానా? పరిశ్రమ సంఘాల వాదన ప్రకారం రెండింటికీ వర్తిస్తుంది. లోపలి సరుకుకు వర్తించదని ఇండోనేషియా చెబుతూ వచ్చింది; 2018లో తన సుంకాల పట్టికలో డిజిటల్ సరుకులకు ఒక అధ్యాయాన్ని తెరిచి సున్నా రేటు పెట్టింది. భారతదేశం, దక్షిణాఫ్రికా కలిసి 2018 నుంచి డబ్ల్యూటీవోకు వరుసగా పత్రాలు సమర్పించి, మారటోరియం పరిధిని, నష్టాన్ని పునఃపరిశీలించాలని కోరాయి. ఐక్యరాజ్య సమితి వాణిజ్య అభివృద్ధి సంస్థ (అంక్టాడ్) 2019లో వెలువరించిన ఒక పరిశోధన పత్రం వర్ధమాన దేశాలు కోల్పోగల సుంకాల ఆదాయాన్ని ఏటా 1,000 కోట్ల డాలర్లకు పైగా అంచనా వేసింది. అదే ఏడాది బ్రస్సెల్స్‌లోని విధాన పరిశోధన సంస్థ ఎసిపె లెక్క దీనికి పూర్తిగా ఎదురు తిరిగింది: సుంకాలు వేస్తే భారతదేశానికి వచ్చే ఆదాయం కంటే స్థూల దేశీయోత్పత్తిలో పోయేది 49 రెట్లు ఎక్కువట.

ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడుందో కనిపిస్తుంది. అంక్టాడ్ పత్రం దేశాలు గరిష్ఠంగా వేయగల కట్టుబాటు సుంకాలను ఆధారం చేసుకుంది, వాస్తవంగా వేస్తున్న రేట్లు అంతకంటే చాలా తక్కువ. ఎసిపె నమూనా ఇతర దేశాలు ప్రతి సుంకాలు వేస్తాయని, ధరలు పెరిగి వినియోగం తగ్గుతుందని ఊహించుకుని ఆ నష్టాలన్నీ కలిపింది. పరిశ్రమ సంఘాల ఉమ్మడి ప్రకటనలు 49 రెట్ల వంటి సంఖ్యలను ముందుకు తెస్తాయి, వ్యతిరేకులు 1,000 కోట్ల డాలర్లను పట్టుకుంటారు. ఊహలను విప్పి చెప్పే ఓపిక ఇరువైపులా తక్కువే. నిజానికి సుంకం ఒక్కటే మార్గం కాదు. విదేశాల నుంచి ఇంటర్నెట్ ద్వారా అందే సేవలపై భారతదేశం 2016 డిసెంబరు నుంచి సేవా పన్ను, 2017 జులై నుంచి జీఎస్టీ వసూలు చేస్తోంది. దేశీయ అమ్మకందారుకూ విదేశీ అమ్మకందారుకూ సమానంగా పడే అంతర్గత పన్నును మారటోరియం అడ్డుకోదు. సరిహద్దులో ఏ అధికారీ చూడలేని ఒక ఫైలుకు మూల దేశాన్నీ విలువనూ నిర్ధారించి సుంకం వేయడం కంటే ఈ మార్గం సులువు. కనుక ఆదాయ నష్టమే వాదన అయితే అది బలహీనమైన వాదన. బలమైన వాదన వేరే ఉంది: 3డీ ముద్రణ వంటి పద్ధతులు పెరిగి నేడు వస్తువుగా వస్తున్నవి రేపు నమూనా ఫైళ్లుగా వస్తే, ఆ వస్తువుల తయారీని ఇక్కడ నిలబెట్టుకునే సాధనం వర్ధమాన దేశాల చేతిలో ఉండాలన్నది. భవిష్యత్తులో వాడుకునే స్వేచ్ఛను ముందే శాశ్వతంగా వదులుకోవద్దన్న ఈ మాటకు పరిశ్రమ సంఘాల పత్రాల్లో సూటి జవాబు దొరకదు.

మరి ఇంత అభ్యంతరముండి కూడా భారతదేశం ప్రతిసారీ పొడిగింపుకు ఎందుకు తలవంచింది? దీనికి కారణం ఈ-వాణిజ్యంలో లేదు, మందుల్లో ఉంది. డబ్ల్యూటీవోలో ఈ మారటోరియంతో పాటు జంటగా నడుస్తూ వచ్చిన మరో మారటోరియం మేధో హక్కుల ఒప్పందానికి సంబంధించినది. ఒప్పందంలోని ఏ నిబంధననూ ఒక దేశం ఉల్లంఘించకపోయినా, దాని చర్యల వల్ల తమకు రావలసిన ప్రయోజనం దెబ్బతిన్నదని మరో దేశం ఫిర్యాదు చేయగల మార్గమొకటి వాణిజ్య చట్టంలో ఉంది. మేధో హక్కుల విషయంలో అటువంటి ఫిర్యాదులను ఆ రెండో మారటోరియం ఆపి ఉంచుతూ వచ్చింది. అది తొలగితే పేటెంటు పరిమితులపైనా, జనరిక్ మందుల అనుమతులపైనా, ధరల నియంత్రణపైనా విదేశీ ఫిర్యాదులకు దారి తెరుచుకుంటుందన్నది భారతదేశం భయం. ఆ భయం వట్టిది కాదు. హైదరాబాదు చుట్టూ పెరిగిన ఔషధ పరిశ్రమ పునాది జనరిక్ మందుల మీదే ఉంది. అందువల్ల ఒకదానికి బదులుగా మరొకటి అన్న బేరం దశాబ్దాలుగా సాగుతూ వచ్చింది: మందుల మారటోరియం భారత్‌కు కావాలి, ఈ-వాణిజ్య మారటోరియం అమెరికాకు కావాలి. బేరంగా ఇది తెలివైనదే కావచ్చు. కానీ బేరసారాల నాణెంగా మారిన విషయానికి సొంత విధానమంటూ తయారు కాదు. ఢిల్లీలో జరిగింది అదే. జాతీయ ఈ-కామర్స్ విధానం ముసాయిదా 2019 ఫిబ్రవరిలో ప్రజల ముందుకు వచ్చింది, తుది రూపం మాత్రం దాల్చలేదు. ఆ లోటును విడివిడి ఉత్తర్వులు పూరించాయి: విదేశీ పెట్టుబడి ఉన్న వేదికలపై 2018 డిసెంబరు నాటి ప్రెస్ నోట్ 2, చెల్లింపుల సమాచారం దేశంలోనే ఉంచాలన్న 2018 ఏప్రిల్ నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం, 2020 నాటి వినియోగదారుల రక్షణ నిబంధనలు.

భారతీయ వైఖరికి వెనక మరో చేదు అనుభవం కూడా ఉంది. 1996 డిసెంబరులో సింగపూర్‌లో కుదిరిన సమాచార సాంకేతిక ఒప్పందం కంప్యూటర్లు, టెలికాం పరికరాలు, వాటి విడిభాగాలపై సుంకాలను సున్నాకు తెచ్చింది. అమెరికా, ఐరోపా, జపాన్ పరిశ్రమ సంఘాలు ఒక్క గొంతుతో కోరి సాధించిన ఒప్పందమది. 1997లో చేరిన భారతదేశానికి సాఫ్ట్‌వేర్ రంగంలో దానివల్ల మేలు జరిగింది. చవకగా వచ్చిన కంప్యూటర్లు లేకుండా హైదరాబాదు, బెంగళూరు కార్యాలయాలు అంత త్వరగా విస్తరించేవి కావు. పరికరాల తయారీ మాత్రం తల ఎత్తుకోలేకపోయింది. తన ఐటీ పరిశ్రమకు ఈ ఒప్పందం తీరని నష్టం చేసిందని భావించిన భారత ప్రభుత్వం 2015లో మరో 201 ఉత్పత్తులకు దాన్ని విస్తరించినప్పుడు దూరంగా ఉంది. తర్వాత మొబైల్ ఫోన్లు వగైరాపై వేసిన సుంకాలు డబ్ల్యూటీవోలో భారత్ ఇచ్చిన సుంకాల కట్టుబాట్లకు విరుద్ధమని 2023లో డబ్ల్యూటీవో వివాద బృందాలు తేల్చాయి. ఒకే దేశంలోని ఒకే రంగంలో సాఫ్ట్‌వేర్ వారి ప్రయోజనం ఒక వైపు, తయారీదారుల ప్రయోజనం మరో వైపు లాగిన ఈ ఉదంతం, ప్రపంచ పరిశ్రమ ఏకాభిప్రాయం అన్న మాటను ఎంత జాగ్రత్తగా చదవాలో నేర్పుతుంది.

సంఘాల సహకారానికి ఉన్న బలం ఎంతటిదో, దాని హద్దు ఎక్కడో 2017 తర్వాతి పరిణామాలు చూపించాయి. ఆ ఏడాది డిసెంబరులో బ్యూనస్ ఎయిర్స్‌లో 71 సభ్యదేశాలు డబ్ల్యూటీవో పరిధిలోనే ఈ-వాణిజ్యంపై విడిగా చర్చలకు సన్నాహాలు ప్రారంభించాలని నిర్ణయించుకున్నాయి. భారతదేశం చేరలేదు. 2019 జూన్‌లో ఒసాకాలో జీ20 సందర్భంగా సమాచార స్వేచ్ఛా ప్రవాహంపై జపాన్ ముందుకు తెచ్చిన ప్రకటనపైనా భారత్, దక్షిణాఫ్రికా, ఇండోనేషియా సంతకం చేయలేదు. అందరి ఏకాభిప్రాయంతో నడవాల్సిన సంస్థలో కొందరి ఒప్పందాలు చొప్పించడం తగదన్నది ఢిల్లీ వాదన. పరిశ్రమ సంఘాలు ఆ చర్చల నుంచి ఆశించినవి మూడు: సమాచారం దేశాల మధ్య అడ్డు లేకుండా పారాలి, సర్వర్లు ఫలానా దేశంలోనే పెట్టాలన్న షరతు ఉండకూడదు, సాఫ్ట్‌వేర్ మూల సంకేతం అనగా సోర్స్ కోడ్‌ను ప్రభుత్వాలు బలవంతంగా అడగకూడదు. ఈ మూడూ 2016 నాటి పసిఫిక్ భాగస్వామ్య ఒప్పందంలో అమెరికా చొరవతో చేరినవే. 2023 అక్టోబరులో అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం డబ్ల్యూటీవో చర్చల్లో వాటికి మద్దతు ఉపసంహరించుకుంది. పెద్ద టెక్నాలజీ కంపెనీలను దేశీయంగా ఎలా నియంత్రించాలన్న చర్చ సొంత చట్టసభలోనే తేలకముందు చేతులు కట్టేసుకోలేమన్నది అప్పటి ప్రతినిధి కేథరిన్ టాయ్ పక్షపు తర్కం. అమెరికా సంఘాలు తీవ్రంగా నిరసించాయి. అయినా 2024 జులైలో ఆస్ట్రేలియా, జపాన్, సింగపూర్ విడుదల చేసిన పాఠంలో ఆ మూడు అంశాలకూ చోటు దక్కలేదు. ఆ పాఠాన్ని సైతం అమెరికా ఆమోదించలేదు. వర్ధమాన దేశాలు ఏళ్లుగా చెబుతున్న విధాన స్వేచ్ఛ అన్న మాట చివరకు వాషింగ్టన్ నోట వినిపించడం, భారతదేశపు మొండితనంగా ముద్రపడిన వైఖరికి ఆలస్యంగా లభించిన సమర్థన.

అయితే డబ్ల్యూటీవోలో దొరకనిది ద్వైపాక్షిక మార్గంలో దొరకవచ్చు. విదేశీ ఈ-కామర్స్ సంస్థలపై భారతదేశం 2020 ఏప్రిల్ నుంచి 2 శాతం సమానీకరణ పన్ను విధించినప్పుడు పలు దేశాల టెక్నాలజీ సంఘాలు కలిసి అమలు వాయిదా వేయాలని ఆర్థిక మంత్రికి లేఖ రాశాయి. అదే సంవత్సరం జూన్‌లో అమెరికా ప్రభుత్వం తన వాణిజ్య చట్టంలోని 301వ విభాగం కింద విచారణ మొదలుపెట్టి, 2021 జనవరిలో ఆ పన్ను వివక్షాపూరితమని తేల్చి, ప్రతి సుంకాల హెచ్చరిక చేసింది. 2 శాతం పన్ను 2024 ఆగస్టు నుంచి, ఆన్‌లైన్ ప్రకటనలపై 2016 నుంచి ఉన్న 6 శాతం పన్ను 2025 ఏప్రిల్ నుంచి రద్దయ్యాయి. పన్ను రూపకల్పనలో లోపాలు లేవని కాదు. బడ్జెట్ తొలి ప్రతిపాదనల్లో లేనిదాన్ని సవరణగా తెచ్చి, పరిశ్రమతో సంప్రదింపులు లేకుండా వారం తిరిగే సరికి అమల్లో పెట్టిన తీరు సంఘాల విమర్శకు బలమిచ్చింది. ఇక 2025 జులైలో సంతకమైన భారత్-బ్రిటన్ ఒప్పందంలోని డిజిటల్ వాణిజ్య అధ్యాయంలో సోర్స్ కోడ్ వెల్లడిపై ఆంక్షను భారతదేశం అంగీకరించింది. జెనీవాలో ఏళ్ల తరబడి కాదన్న విషయాన్ని బ్రిటన్‌లో ఔనన్నప్పుడు దాని వెనక ఏ అధ్యయనముందో, ఏ సంఘాలను సంప్రదించారో పార్లమెంటుకూ ప్రజలకూ తెలియాల్సి ఉంది.

ఇన్ని చర్చల్లో చిన్న అమ్మకందారు మాట ఎక్కడా బలంగా వినిపించదు. పోచంపల్లి ఇక్కత్ చీరకూ, మంగళగిరి పంచెకూ, కొండపల్లి బొమ్మకూ ఎలక్ట్రానిక్ ప్రసారాల మారటోరియంతో పెద్దగా పని లేదు. వాటిని ఆర్డరు తీసుకుని విదేశంలోని తెలుగు కుటుంబానికి పంపే వ్యక్తికి కావలసింది సరుకు చిన్న పొట్లంగా సరిహద్దు దాటడం. తక్కువ విలువ గల దిగుమతులకు అమెరికా ఇచ్చిన సుంకం మినహాయింపు పరిమితి 2016లో 200 నుంచి 800 డాలర్లకు పెరిగింది. 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు అన్ని దేశాలకూ నిలిచిపోయింది. నిబంధనలు స్పష్టంగా లేక ఆగస్టు 25 నుంచి భారత తపాలా శాఖ అమెరికాకు చాలా రకాల పార్శిళ్లను తాత్కాలికంగా ఆపేయవలసి వచ్చింది. మినహాయింపు ఉండాలని అమెరికాలోని కొరియర్, ఈ-కామర్స్ సంఘాలు, పోవాలని అక్కడి జౌళి తయారీదారుల సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాయి. ఆ రెండు పక్షాల్లో ఏదీ మన నేతగాడి పక్షం కాదు. అతని తరఫున మాట్లాడేందుకు ఆ పోరాటంలో సమాన బలంతో నిలిచిన భారత సంఘమేదీ లేదు. 2023 విదేశీ వాణిజ్య విధానం కొరియర్ ద్వారా పంపే ఒక్కో సరుకు విలువ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది, అది మంచి నిర్ణయమే. కానీ అవతలి గట్టున తలుపు మూసుకుంటే ఇవతల వెడల్పు చేసిన దారి ఏ మేరకు ఉపయోగపడుతుంది?

2018 ఫిబ్రవరిలో విట్సా ప్రపంచ ఐటీ మహాసభ హైదరాబాదులో నాస్కామ్, తెలంగాణ ప్రభుత్వం భాగస్వామ్యంతో జరిగింది. భారతదేశంలో ఆ మహాసభ జరగడం అదే మొదటిసారి. సాఫ్ట్‌వేర్ సేవల ఎగుమతుల వల్ల తెలుగు ప్రాంతాలకు దక్కిన గౌరవమది, ఆ గౌరవం సహజమైనదే. విదేశాలకు సేవలమ్మే కంపెనీలకు సమాచారం స్వేచ్ఛగా పారడం, సంతకాలు చెల్లడం, పన్నులు ఊహించగలిగేలా ఉండటం జీవనాధారం. వాటి సంఘాలు ప్రపంచ కూటముల్లో ఆ వాదనే వినిపించడంలో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే, ఆ సంఘాల్లో సభ్యత్వమున్న బహుళజాతి కంపెనీల భారత శాఖలు, దేశీయ సేవా సంస్థలు, అంకుర సంస్థలు వేర్వేరు ప్రయోజనాలు కలవి అయినా, వారి ఉమ్మడి పత్రాన్ని భారత పరిశ్రమ అభిప్రాయంగా ప్రభుత్వం స్వీకరించడంలో. ఆన్‌లైన్ వేదికలపై అమ్మే చిరు వ్యాపారుల సంఘాలు, కిరాణా వర్తకుల సమాఖ్యలు, చేనేత సహకార సంఘాలు, వినియోగదారుల సంస్థలు ఆ పత్రం తయారయ్యే గదిలో ఉండవు.

దీనికి అంతర్జాతీయ కూటముల నుంచి తప్పుకోవడం పరిష్కారం కాదు. వాటి పత్రాల్లోని పదాలను మొదటి ముసాయిదా దశలోనే మార్చగలిగేది లోపల ఉన్నవారే. భారత సంఘాలు తమ సభ్యుల్లో విదేశీ కంపెనీల వాటా, చందాల వాటా ఎంతో ప్రకటించి, అంతర్జాతీయ ప్రకటనపై సంతకం చేసేముందు అసమ్మతి తెలిపిన సభ్యుల వాదనను కూడా పత్రంలో చేర్చే పద్ధతి పెట్టుకోవచ్చు. కేంద్ర వాణిజ్య శాఖ ఈ-వాణిజ్య చర్చలకు వెళ్లేముందు తనకు అందిన సంఘాల వినతులన్నిటినీ ప్రచురించి, చిన్న అమ్మకందారులకూ చేనేత సంస్థలకూ విడిగా సంప్రదింపులు జరిపి, మారటోరియం వల్ల ఏ రంగానికి ఎంత లాభనష్టాలో భారతీయ సమాచారంతోనే లెక్క వేయించాలి. మందుల మారటోరియంతో దాన్ని ముడిపెట్టి బేరమాడాలా వద్దా అన్న నిర్ణయం ఆ లెక్క తర్వాత తీసుకోవాల్సినది. రాష్ట్రాలకూ ఇందులో భాగముంది: చేనేత, హస్తకళల అమ్మకాల్లో ఇంటర్నెట్ ద్వారా విదేశాలకు వెళ్లేది ఎంత, ఏ దేశపు ఏ నిబంధన దగ్గర ఆగుతోంది అన్న వివరాన్ని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ సహకార సంస్థల నుంచి సేకరించి వాణిజ్య శాఖకు అందిస్తే, జెనీవాలో కూర్చునే అధికారి చేతిలో పెద్ద కంపెనీల పత్రం పక్కన పోచంపల్లి, మంగళగిరి పత్రం కూడా ఉంటుంది.